నర్సాపూర్ అడవి దాటి మెదక్ చర్చికి

మామయ్య చేతికర్ర పట్టుకుని వీధి చివర కిరాణా కొట్టు దాకా నడిచిన రోజే అత్తమ్మ మెదక్ మాట ఎత్తింది. ఆయన మంచాన పడ్డప్పుడే, నడిస్తే మెదక్ చర్చికి తీసుకొస్తానని మొక్కుకుందట. నాకు ఇష్టం లేక కాదు గానీ చేతిలో డబ్బులు ఆడటం లేదు. "అన్నీ ఒక కొలిక్కి వచ్చాక పోదాం అత్తమ్మా" అన్నాను. "ఆయన నడుస్తుండు గదా, ఇంకేం రావాలె కొలిక్కి?" అంది. ఇక నేనేం మాట్లాడతాను!

కొలిక్కి రానివి చాలానే ఉన్నాయి మరి. పోయిన క్రిస్మస్ అయిన కొద్దిరోజులకే మా ఆయన ఉద్యోగం పోయింది. ఆ టెన్షన్‌లో ఉండగానే మామయ్యకు పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. ఆసుపత్రి బిల్లు కోసం చిట్టీ పాడుకున్నాం. అదీ చాలక నా గాజులు కుదువ పెట్టాం. అద్దె కట్టలేక, మేముండే సికింద్రాబాద్ తిరుమలగిరిలోనే వెనక గల్లీలో చిన్న పోర్షన్‌కు మారాం.

పరామర్శకు వచ్చినవాళ్లంతా "దేవుని చిత్తం, ఓపిక పట్టండి" అనేవారు. మాట మంచిదే. చాయ్ తాగి కప్పు కింద పెడుతూ అంటే మాత్రం ఒళ్లు మండేది. అత్తమ్మ ఓపిక వేరు. తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకునేది, ఆ వెంటనే మామయ్య కుడి చేతిలో రబ్బరు బంతి పెట్టి "ఒత్తు" అనేది. ఎన్నాళ్లయినా ఆ వేళ్లు కదల్లేదు. బంతి జారి మంచం కిందికి దొర్లితే వంగి తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టేది. ఎందుకిట్లా చేశావని దేవుణ్ణి అడగ్గా నేనైతే వినలేదు. నేను అడిగాను, చాలాసార్లే.

ఒక శనివారం మా మరిది కారులో బయల్దేరాం. బాలానగర్, గండిమైసమ్మ దాటేదాకా ట్రాఫిక్‌తోనే సరిపోయింది. నర్సాపూర్ అడవిలోకి వచ్చాక గాలి చల్లబడింది. రోడ్డు పక్కన కోతులు బారులు తీరి కూర్చున్నాయి. మామయ్య వాటిని చూసి ఏదో జోకు వేశారు గానీ మాట మాకెవరికీ అర్థం కాలేదు. ఆయన నవ్వుతుంటే మేమూ నవ్వేశాం.

మెదక్‌లో అడుగుపెట్టగానే చర్చి శిఖరం కనిపించింది. 175 అడుగుల ఎత్తు. దీన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో ఇంగ్లండ్ నుంచి వచ్చినప్పుడు మొదట పనిచేసింది మా తిరుమలగిరిలోనే, అక్కడి సైనికుల మధ్య. తర్వాత మెదక్ చేరారు. కరువుతో జనం అల్లాడుతుంటే ఊరికే గంజి పోయకుండా, పని చూపించి కడుపు నింపాలని ఈ కట్టడం తలపెట్టారని చెబుతారు. 1914లో మొదలైతే పదేళ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది.

లోపల బెంచీ మీద కూర్చున్నాక నా ఆలోచన పాస్నెట్ మీద కన్నా ఆ కూలీల మీదికే పోయింది. వాన ఎప్పుడు పడుతుందో వాళ్లకు తెలియదు. పని ఎన్నేళ్లకు పూర్తవుతుందో, అప్పటికి తాము ఉంటామో లేదో తెలియదు. ఆ పూట రాయి మోశారు, ఆ పూట అన్నం తిన్నారు. మాకూ అంతేగా జరిగింది! ఒక్కరోజైనా నెలకు సరిపడా ధైర్యం ఒకేసారి రాలేదు. ఆ రోజు మందులకు ఆ రోజుకు ఎక్కడో ఒకచోట సర్దుబాటయ్యేది.

బలిపీఠం వెనక పెద్ద రంగుటద్దాల కిటికీలో ప్రభువు ఆరోహణం. బయటి నుంచి పగటి వెలుతురు పడితేనే ఆ రంగులు తెలుస్తాయి. మామయ్య చాలాసేపు అటే చూశారు.

బయటికొచ్చి కొవ్వొత్తి వెలిగించేటప్పుడు కుడి చెయ్యి చాపారు. మా ఆయన అందుకోబోతే అత్తమ్మ కళ్లతోనే వారించింది. వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుంటూ కొవ్వొత్తిని పట్టుకున్నాయి. చెయ్యి వణికి, కరిగిన మైనం బొటనవేలి మీద పడింది. "అబ్బా!" అన్నారు. నేను కర్చీఫ్ వెతుకుతుంటే అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "సుర్రుమన్నదా? తెలిసిందా?" అని ఆయన్ని మళ్లీ మళ్లీ అడిగింది. అంతకుముందు ఆ చేతిని గిచ్చినా తెలిసేది కాదు.

చెట్టు కింద చాప పరిచి, తెచ్చుకున్న బగారా అన్నం, కోడికూర తిన్నాం. మా ఆయనకు ఈమధ్యే చిన్న ఉద్యోగం దొరికింది, జీతం మునుపటిలో సగమే. గాజులు ఇంకా కుదువలోనే ఉన్నాయి.

కారెక్కుతూనే అత్తమ్మ, "క్రిస్మస్‌కు అందరం మళ్లొద్దాం బిడ్డా, మీ అమ్మవాళ్లను కూడా రమ్మందాం" అంది.

"ముందు గాజులు విడిపిద్దాం అత్తమ్మా" అన్నాను.

"అవి అవే వస్తయ్. నువ్వు బండి పెద్దది మాట్లాడు."