కోరెషు ప్రసంగం విన్న ఆదివారం

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం, రాత్రి డ్యూటీ ముగించుకుని, మా వార్డు ఛార్జ్ నర్సుతో కలిసి ఆమె సంఘానికి వెళ్ళాను. డల్లాస్ శివారులోని ఒక ఆసుపత్రిలో మేమిద్దరం పదకొండేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో అమ్మ చనిపోయినప్పుడు, చివరిచూపుకు వెళ్ళలేక నేను ఇక్కడే ఏడుస్తూ కూర్చుంటే, వంట చేసి తెచ్చి, నా పక్కన మోకరించి గంటసేపు ప్రార్థన చేసిన మనిషి ఆమె. ఆ ప్రేమను మరువలేను కనుక, ఇప్పుడు రాయబోయేది కోపంతో రాయడం లేదని ముందే చెప్పాలి.

ఆ రోజు పాస్టరుగారు యెషయా గ్రంథం 45వ అధ్యాయం తీశారు. తనను ఎరుగని పారసీక రాజు కోరెషును దేవుడు అభిషేకించి వాడుకున్నట్టే అధ్యక్షుడు ట్రంప్‌ను కూడా వాడుకుంటున్నాడని, ఆయన మాటతీరునూ నడవడికనూ ప్రశ్నించేవారు దేవుని ఏర్పాటునే ప్రశ్నిస్తున్నారని బోధించారు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. నేను లేవలేకపోయాను.

ఎందుకంటే ఆ వారమే, తెల్లవారుజామున మూడింటికి, దుప్పట్లు తేవడానికి లినెన్ గదిలోకి వెళ్ళి ఒక దృశ్యం చూశాను. మా వార్డులో నేల తుడిచే సోదరి మాప్ బకెట్ గోడకు ఆనించి, మడతపెట్టిన దుప్పట్ల మీద ఫోను నిలబెట్టుకుని కూర్చుంది. ఆ చిన్న తెరమీద పది ముఖాలున్నాయి. అందరి పెదవులూ కదులుతున్నాయి, పాట మాత్రం గుసగుసగా వినబడుతోంది. ఆమె హోండురాస్ నుంచి వచ్చిన పెంతెకొస్తు విశ్వాసి. భర్తకు కాగితాలు లేవు. గుళ్ళు, బడులు, ఆసుపత్రుల దగ్గర సాధారణంగా ఎవరినీ పట్టుకోకూడదని ఇమ్మిగ్రేషన్ అధికారులకు ఉన్న నిబంధనను కొత్త ప్రభుత్వం జనవరిలో, వచ్చీ రాగానే, ఎత్తివేసింది. అప్పటినుంచి వాళ్ళ సంఘంలో సగంమంది ఆరాధనకు రావడం మానేశారట. పక్కింటివాళ్ళకు వినబడకుండా దేవుణ్ణి స్తుతించడం నేర్చుకుంటున్నామని చెప్పింది. వాక్యం నమ్మి, ఉపవాసముండి, దశమభాగం ఇచ్చే ఈ విశ్వాసులకు జరుగుతున్నదానికా ఆ సభ చప్పట్లు కొట్టింది!

కోరెషు పోలిక వాక్యానుసారంగా కూడా నిలవదు. ఆయన చెరలో ఉన్న పరజనులను విడిపించి, వాళ్ళ మందిరం వాళ్ళు కట్టుకోనిచ్చాడు. ఆ రాజు తప్పులు ఎంచవద్దని ఏ ప్రవక్తా జనానికి చెప్పలేదు. పోనీ, దేవుడే ఏర్పరచుకున్న దావీదు సంగతి చూద్దాం. ఆయన ఊరియా భార్యను తీసుకుని ఊరియాను చంపించినప్పుడు, నాతాను రాజు ఎదుట నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దేవుడు ఏర్పరచుకున్నవాణ్ణి గద్దించకూడదన్న సిద్ధాంతం నాతానుకు తెలియదు. ఈ దేశంలోని మన సంఘాలు పోగొట్టుకుంటున్నది ఆ గొంతునేనని నా బాధ.

ఇవాంజెలికల్ సంఘాలకూ (సువార్త ప్రకటనకు, వ్యక్తిగత మారుమనస్సుకు పెద్దపీట వేసే ప్రొటెస్టెంటులు) రిపబ్లికన్ పార్టీకీ పొత్తు కుదిరిన చోట్లలో నేనిప్పుడుంటున్న డల్లాస్ కూడా ఒకటి. 1980 ఆగస్టులో డల్లాస్‌లో వేలాది పాస్టర్లు కూడిన సభలో అప్పటి రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రొనాల్డ్ రీగన్, మీరు నన్ను సమర్థించలేరని తెలుసు, నేనే మిమ్మల్ని సమర్థిస్తున్నానని అన్నాడు. 2016 ఎన్నికల్లో తెల్లజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో దాదాపు 80 శాతం ట్రంప్ వైపు నిలిచారు. కాదన్నవారూ లోపలివారే, అది చాలామంది గమనించరు. అధ్యక్షుడు నిక్సన్‌తో స్నేహం చేసి నొచ్చుకున్న పేరుమోసిన సువార్తికుడు బిల్లీ గ్రాహం, మళ్ళీ అవకాశం వస్తే రాజకీయాలకు దూరంగా ఉండేవాణ్ణని ముసలితనంలో చెప్పారు. ఆయన స్థాపించిన క్రిస్టియానిటీ టుడే పత్రికే 2019 డిసెంబరులో ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలని సంపాదకీయం రాసింది. అమెరికాలోని పెద్ద ప్రొటెస్టెంటు శాఖ అయిన సదరన్ బాప్టిస్టుల తరఫున ప్రభుత్వ విధానాల మీద మాట్లాడే బాధ్యతలో ఉన్న రసెల్ మూర్ ట్రంప్‌ను మొదటినుంచీ విమర్శించి, సొంతవాళ్ళ చేతనే మాటలు పడి, 2021లో ఆ పదవి వదిలి వెళ్ళారు.

నాకు మాత్రం ఇలాంటప్పుడు మా అమ్మమ్మ చెప్పిన, ఒంగోలులో పనిచేసిన మిషనరీ క్లౌ దొరగారి కథ గుర్తొస్తుంది. 1876-78 నాటి కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చారు. కానీ ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కూలి కోసం, గింజల కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు తీరాకే, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అధికారమూ డబ్బూ తన చేతిలో ఉన్నప్పుడు సువార్తను వాటికి దూరంగా పెట్టిన అమెరికన్ బాప్టిస్టు చేతిమీదుగా మాకు విశ్వాసం వచ్చింది. అందుకే ఆయన దేశంలో నేడు జరుగుతున్నది చూసి నాకు గుండె తరుక్కుపోతుంది.

మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నం ఒక అద్దె హాలులో కూడుకుంటుంది. ఈ సంగతి ఎత్తితే పెద్దలు "మనకెందుకమ్మా, మన వీసాలు మనం చూసుకుందాం" అంటారు. ఇండియాలో మైనారిటీగా ఉన్నప్పుడు ప్రభుత్వం ఏ మతం పక్షమూ వహించకూడదని కోరతాం. ఇక్కడ మాత్రం ప్రభుత్వం మన మతం పేరెత్తితే ఆమేన్ అంటాం. ఈ రెండు నాలుకలకు దేవుని ఎదుట ఏం జవాబు చెబుతామని అడిగాను. ఎవరూ బదులివ్వలేదు.

చివరికి ఆ సోదరి అనుమతి తీసుకుని, లినెన్ గదిలో చూసింది ఛార్జ్ నర్సుకు చెప్పాను. ఒకప్పుడు నెలలు నిండని శిశువుల వార్డులో పనిచేసిన ఆమె, గర్భస్రావాలు ఆగాలని, పుట్టబోయే బిడ్డల ప్రాణాల కోసమే ట్రంప్‌కు ఓటు వేశానని, రేపైనా అలాగే వేస్తానని చెప్పింది. ఆ మాటలో కపటం లేదని నాకు తెలుసు. పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి అన్న మత్తయి సువార్త వచనం మాత్రం నేను ఇంగ్లీషులో చదివి వినిపించాను. ఆమె ఏమీ అనకుండా చార్టులు సర్దుకుంది.

తరవాతి గురువారం నేను లినెన్ గది తలుపు తీసేసరికి దుప్పట్ల బండి పక్కన ఇద్దరు మోకరించి ఉన్నారు, ఫోను వాళ్ళ మధ్య నేలమీద ఉంది. నాలుగో బెడ్ కాల్ లైట్ వెలిగింది. తలుపు మెల్లగా దగ్గరకు వేసి, ఆ పేషెంటు దగ్గరకు వెళ్ళాను.