ముధోల్ కుక్క సన్నగానే ఉండాలి

సాయంత్రం పూట బెంగళూరు మారతహళ్లిలోనో హూడిలోనో ముధోల్ కుక్కని బయటికి తీసుకెళ్తే ఎదురొచ్చిన వాళ్లలో ఒక్కరైనా అడుగుతారు, "అయ్యో, తిండి పెట్టట్లేదా అండీ?" అని. అది కూడా తెలుగులోనే. ఆ మాట పట్టించుకుని నెయ్యన్నం మొదలుపెట్టిన ఇళ్లలోనే ఈ కుక్కలు పాడవుతాయి. దీని ఒళ్లే అంత. తోలు కింద కొవ్వు దాదాపు ఉండదు, తోలు పల్చన, వెంట్రుక పొట్టి. మేత, పడక, మందులు, ఎండ, గాయాలు, ఏది తీసుకున్నా లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పేరు బాగల్‌కోట్ జిల్లాలో ఘటప్రభ ఒడ్డున ఉన్న ముధోల్ నుంచి వచ్చింది. ముధోల్ రాజా మాలోజీరావు ఘోర్పడే ఒక జతని ఇంగ్లండు రాజు ఐదో జార్జికి బహూకరించాకే ఈ పేరు స్థిరపడిందని చెబుతారు. కుక్కల జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాల్లో మాత్రం ఇది కారవాన్ హౌండ్. కాబట్టి పత్రంలో ఆ పేరు చూసి మోసపోయామనుకోకండి. 2005లో తపాలా శాఖ దీని మీద బిళ్ల కూడా వేసింది. మగది భుజం దగ్గర 68–72 సెంటీమీటర్లు, ఆడది 64–68. బరువు 20 నుంచి 28 కిలోల మధ్య. తల సన్నగా పొడుగ్గా, కళ్లు కోలగా, చెవులు తలకి అంటుకుని వేలాడుతూ ఉంటాయి. ఛాతీ మోచేతుల దాకా దిగి ఉంటుంది, పొట్ట లోపలికి పోయి ఉంటుంది. తోక సన్నం, పొడవు. ఇది వాసన పట్టి వెతికే రకం కాదు, చూపుతో తరిమే రకం. దూరాన పిల్లి కదిలిందంటే మీ పిలుపు దానికి వినపడదు. మొండితనం అనుకోకండి, దాని పుట్టుకే అలాంటిది.

సన్నదనానికీ నీరసానికీ తేడా చేత్తో తెలుస్తుంది. వెనక వైపు రెండు మూడు పక్కటెముకలు కనిపిస్తే సరే, తుంటి ఎముకల కొసలు కొంచెం తేలినా సరే. కానీ వెన్ను గణుపులు గణుపులుగా పొడుచుకొచ్చి, తొడ కండ వదులైపోతే అది చిక్కిపోవడమే. అప్పుడు మేత పెంచే ముందు నులిపురుగులు, గోమారి జ్వరం (టిక్ ఫీవర్) ఉన్నాయేమో చూపించాలి.

24 కిలోల పెద్ద కుక్కకి రోజుకు సుమారు 1200 కిలోక్యాలరీలు కావాలి. మంచి పొడి మేత అయితే 320–350 గ్రాములు. ఇంట్లో వండితే ఎముకల్లేని ఉడికించిన కోడి 300 గ్రాములు, అన్నమో రాగి సంగటో 300 గ్రాములు, రెండు గుడ్లు, 100 గ్రాముల పెరుగు, ఉడికించిన గుమ్మడి కొంచెం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఇలా వండిన దాంట్లో కాల్షియం చాలదు. గుడ్డు పెంకుల్ని ఉడికించి, ఆరబెట్టి, మెత్తగా పొడి చేసి రోజుకు ముప్పావు టీస్పూను కలపాలి. ఇది పెద్ద కుక్క లెక్క. పిల్లలకి కాల్షియం తక్కువైనా ఎక్కువైనా కాళ్లు వంకర పోతాయి, వాటికి ఎదిగే పిల్లల కోసం తయారైన మేతే పెట్టండి. ఉడికిన ఎముకలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ ఏ వయసులోనూ వద్దు.

మూడు నెలల లోపు రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ తర్వాత రెండు. మొత్తం ఒక్కపూటే పెట్టడం ఈ లోతైన ఛాతీకి మంచిది కాదు. తిన్న వెంటనే పరిగెత్తిస్తే కడుపు ఉబ్బి మెలిక పడే ప్రమాదం ఉంది. తినడానికి గంట ముందు, తిన్నాక రెండు గంటలు పరుగు ఆపండి. పొట్ట డోలులా బిగిసిపోయి, ఏమీ రాకుండానే పదేపదే వాంతి పట్టు పట్టి, నోటి నుంచి చొంగ కారుతుంటే వాముతో, ఈనోతో కాలక్షేపం చేయకండి. గంటలో ఆపరేషన్ బల్ల మీద ఉండాలి.

మెడ లావు తల లావుకి దాదాపు సమానంగా ఉంటుంది కాబట్టి మామూలు కాలరు ఒక్క వెనకడుగుతో తల మీదుగా ఊడొస్తుంది. రోడ్డు మీద పారిపోయే కుక్కల్లో చాలావాటి కథ ఇదే. లాగితే పరిమితంగా బిగుసుకునే మార్టింగేల్ కాలరు, ఒకటిన్నర రెండు అంగుళాల వెడల్పుది తీసుకోండి. పూర్తిగా బిగిసినప్పుడు రెండు రింగుల మధ్య రెండు వేళ్ల సందు మిగలాలి. సందు మిగలకపోతే కాలరు పెద్దదైనట్టు. గొలుసు వద్దు, తోలు కోసుకుపోతుంది. సాగుతూ చుట్టుకునే తాడు అసలు వద్దు. ఎనిమిది మీటర్లు పరిగెత్తి వేగం అందుకున్న కుక్క తాడు చివర ఒక్కసారి ఆగితే ఆ దెబ్బ అంతా మెడ మీదే పడుతుంది. ఆరు అడుగుల పట్టీ చాలు.

రోజుకు రెండు నడకలు, అరగంట చొప్పున. వారానికి రెండు మూడు సార్లు నిజమైన పరుగు కావాలి. ఊరి చివర గంట లెక్కన అద్దెకిచ్చే కంచె మైదానాలు ఇందుకు పనికొస్తాయి, కంచె ఆరడుగులకు తక్కువ ఉండకూడదు. ముందు పది నిమిషాలు నడిపించి, ఆ తర్వాతే వదలండి. పది పదిహేను నిమిషాలు చాలు, మిగతా రోజంతా ఇది సోఫా వదలదు. కుందేళ్ల మీదికి వదలడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వేట సరదా తీర్చాలంటే ఐదడుగుల పీవీసీ గొట్టానికి తాడు, తాడు చివర గుడ్డ కట్టి తిప్పండి. పెద్ద సున్నాలా తిప్పాలి. చటుక్కున వెనక్కి తిప్పితే మోకాలు దెబ్బతింటుంది. పదిహేను నెలలు నిండని పిల్లకి ఇది వద్దు. దాదాపు 15 నెలల దాకా ఎముకల చివరలు గట్టిపడవు, కాబట్టి స్కూటర్ పక్కన పరిగెత్తించడం, మెట్ల మీంచి దూకించడం కూడా వద్దు. నిజానికి స్కూటర్ పక్కన పరుగు పెద్దదానికీ వద్దు.

పరుగు ఉదయం ఏడు లోపే. బెంగళూరు చల్లని ఊరని మనం చెప్పుకుంటాం గానీ ఏప్రిల్‌లో 35 డిగ్రీలు దాటుతుంది, ఒక్క పరుగుతో దీని కండలు పుట్టించే వేడి బాగా ఎక్కువ. కాళ్లు తడబడి, నాలుక ముదురు ఎరుపైతే వెంటనే కుళాయి నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాన్ వేయండి. తడి తువ్వాలు చుట్టేసి వదిలేస్తే వేడి లోపలే ఆగిపోతుంది. మలద్వారంలో థర్మామీటరు 39.5 డిగ్రీలకు దిగాక నీళ్లు ఆపి, డాక్టరు దగ్గరికి బయల్దేరండి. డిసెంబరు, జనవరి రాత్రులు దీనికి ఉల్టా సమస్య. వణుకుతుంది. ఒక పాత స్వెటరు చాలు.

అపార్ట్‌మెంట్ నేల దీనికి శత్రువు. నున్నటి టైల్స్ మీద కాళ్లు విడిపోయి జారుతుంది. పడక నుంచి గిన్నె దాకా, గిన్నె నుంచి తలుపు దాకా రబ్బరు చాపలు పరవండి. గోళ్లు టిక్కుటిక్కుమని వినిపిస్తే కత్తిరించే వేళ దాటిపోయింది. పడక నాలుగు అంగుళాల మందం ఉండాలి, లేకపోతే మోచేతి దగ్గర కాయలు కాసి నీరు పడుతుంది. లిఫ్ట్ తలుపు మూసుకునేటప్పుడు తోక ఎక్కడుందో చూసుకోండి, కొస తెగితే మానడానికి నెలలు పడుతుంది. ముళ్ల కంచె ఒరుసుకున్నా తోలు జేబులా విచ్చుకుంటుంది. ఉప్పునీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి అదే రోజు కుట్టించాలి. పసుపు అద్దితే కుట్టేటప్పుడు డాక్టరు గారు దాన్ని గీకి తీయాల్సి వస్తుంది. స్నానం నెలకో నెలన్నరకో చాలు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, మత్తుమందు. థయోపెంటోన్ అనే పాత మత్తు మామూలు కుక్కలో కొవ్వులోకి, కండలోకి చేరి పలచబడుతుంది, అందుకే త్వరగా తెలివొస్తుంది. చూపుతో వేటాడే జాతుల్లో కొవ్వు దాదాపు లేదు, కాలేయం కూడా దాన్ని నెమ్మదిగా విరగ్గొడుతుంది. కుక్క గంటల తరబడి లేవదు, కొన్ని ఇక ఎప్పటికీ లేవవు. గ్రేహౌండ్లలో ఇది బాగా నమోదైన విషయం. చిన్న కుట్టుకైనా సరే డాక్టరుకి ముందే చెప్పండి: ప్రొపొఫోల్‌తో మొదలుపెట్టి ఐసోఫ్లూరేన్ గ్యాస్‌తో నడిపించమని, తెలివొచ్చేదాకా ఒళ్లు వెచ్చగా ఉంచమని.

రక్తపరీక్షలోనూ ఇలాంటి చిక్కే. గ్రేహౌండ్లలో ఎర్రకణాల శాతం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పుట్టుకతోనే ఎక్కువ. థైరాయిడ్ టీ4, ప్లేట్‌లెట్లు తక్కువ. ముధోల్‌కీ అదే దృష్టితో చూడటం మేలు. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే గోమారి జ్వరమని నెల రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడించడం ఈ ఊళ్లో మామూలే. జ్వరం లేదు, మేత బాగానే తింటోంది అంటే ముందు రక్తపు స్లైడు చూడమనండి, కుదిరితే పీసీఆర్ చేయించండి. ఆరోగ్యంగా ఉన్న ఏడాదిన్నర వయసులో ఒకసారి పూర్తి పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకుంటే తర్వాతి రిపోర్టుని పోల్చి చూడొచ్చు. అలాగని గోమార్లని తేలిగ్గా తీసుకోకండి. ముక్కు నుంచి రక్తం, పాలిపోయిన చిగుళ్లు, కాఫీ రంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రి. గోమార్ల మాత్రలు బెంగళూరులో ఏడాది పొడుగునా వేయాల్సిందే. ఫ్లూరలనర్ అయితే 12 వారాలకొకటి, బరువుని బట్టి. రేబిస్, పార్వో టీకాలు, నులిపురుగుల మందు అన్ని కుక్కలకీ ఒకటే.

కొనేటప్పుడు తల్లిని చూడకుండా కొనకండి. గ్రేహౌండ్‌తో కలిపిన పిల్లల్ని ఇదే పేరుతో అమ్మేవాళ్లు ఉన్నారు, ఎనిమిది వారాల పిల్లలో తేడా దొరకడం కష్టం. ముధోల్ పక్కనే తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కేంద్రం ఈ జాతిని పెంచుతుంది, అక్కడి నుంచి తెచ్చుకుంటే ఈ బాధ తక్కువ. తెచ్చిన వారంలోనే మైక్రోచిప్ వేయించి, చిప్ వివరాల్లో మీ ఫోన్ నంబరు నమోదైందో లేదో చూసుకోండి. దీపావళి రాత్రి ఒక్క టపాసుకి బెదిరి పరుగందుకున్న ముధోల్‌ని పట్టుకునే మనిషి ఇంకా పుట్టలేదు. ఆ మూడు రోజులూ కిటికీలు వేసి, బాల్కనీ తలుపుకి గడియ పెట్టి, నడక సాయంత్రం ఐదు లోపే ముగించండి.