సూత్రంలో తెలుగు మాటలు: నాలుగో వారం

పరకాలలో పదో తరగతి చదువుతున్న మా అన్న కూతురి కోసం ఘనపరిమాణాల పాఠాన్ని వెబ్ పేజీగా రాస్తున్నాను. సూత్రాలను బొమ్మలుగా అతికించకూడదని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. బొమ్మను పెద్దది చేస్తే మసకబారుతుంది, అందులోని మాటను వెతకడానికీ వీలుండదు. అందుకే, వెబ్ పేజీలో సూత్రాలను ట్యాగులనే గుర్తులతో రాసే పద్ధతి అయిన మాథ్‌ఎంఎల్ పట్టుకున్నాను. ఈ ప్రమాణం 1998 నాటిదే అయినా, క్రోమ్‌లో నిలకడగా పనిచేయడం 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తోనే మొదలైంది.

ఈ వారం శంకువు. కల్లంలో పోసిన వడ్ల రాశిని లెక్కగా తీసుకున్నాను: వ్యాసార్ధం 3 మీటర్లు, ఎత్తు 1.4 మీటర్లు. పై (π) విలువ 22/7 అనుకుంటే ఘనపరిమాణం 13.2 ఘనపు మీటర్లు వస్తుంది. సూత్రాన్ని మాత్రం అక్షరాలతో కాక మాటలతోనే చూపాలనుకున్నాను: లవంలో 'భూవైశాల్యం × ఎత్తు', హారంలో 3.

మొదటిసారి భిన్నపు గీతే కనిపించలేదు, అన్నీ ఒకే వరుసలో వచ్చాయి. భిన్నాన్ని చూపే ఎంఫ్రాక్ ట్యాగులో సరిగ్గా రెండే భాగాలు ఉండాలి, నేను నాలుగు పెట్టాను. లవంలోని మూడింటినీ, ఒకే భాగంగా కలిపే ఎంరో ట్యాగుతో చుట్టగానే గీత వచ్చింది. తెలుగు మాటలను ఎంటెక్స్ట్ ట్యాగులో, గుణకార గుర్తును ఎంఓ ట్యాగులో ఉంచాను.

అసలు చిక్కు ఆ తర్వాత ఎదురైంది. వాక్యం మధ్యలో వచ్చే భిన్నాన్ని బ్రౌజర్ చిన్నది చేస్తుంది. 16 పిక్సెళ్ల అక్షరం సుమారు 11కు దిగిపోతుంది. ఇంగ్లిషు ఎక్స్, వై ఆ కొలతలో బాగానే కనిపిస్తాయి. తెలుగుకు అది చాలదు. 'ఎత్తు'లోని ఒత్తు, 'వైశాల్యం'లోని య వత్తు చుక్కల్లా మిగిలాయి. గణితం నేర్చుకునే పిల్ల ముందు మాటను చదవగలగాలి కదా! మొత్తం సూత్రాన్ని చుట్టే మాథ్ ట్యాగుకు డిస్‌ప్లేస్టైల్ విలువను ట్రూ అని ఇస్తే భిన్నంలోని అక్షరాలు పూర్తి కొలతకు వచ్చాయి. వరుసల మధ్య ఎడం కాస్త పెరిగింది, ఫరవాలేదు.

పొడవైన సూత్రాలు ఫోను తెరను దాటిపోతున్నాయి, బ్రౌజర్ వాటిని తనంతట తాను విరవదు. ఒక్కొక్కదాన్ని డివ్ అనే పెట్టెలో ఉంచి, అడ్డంగా పట్టని భాగాన్ని ఏం చేయాలో చెప్పే ఓవర్‌ఫ్లో ఎక్స్‌కు ఆటో అనే విలువ ఇచ్చాను. ఇప్పుడు వేలితో పక్కకు జరుపుకోవచ్చు.

నిన్న రాత్రి లింకు పంపితే, "చిన్నాన్నా, ఒత్తులు చక్కగా కనిపిస్తున్నాయి, మరి ఏటవాలు ఎత్తు సూత్రం ఏది?" అని అడిగింది. వచ్చే ఆదివారం వర్గమూలం గుర్తు కింద తెలుగు మాటలు ఎలా కుదురుతాయో చూడాలి.