నేను రాయించిన ఆ లైను

మా స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే మా ఊరి ప్రభుత్వ బడులన్నీ నడిపే సంస్థకి, కొత్త సూపరింటెండెంట్‌ని వెతుకుతున్న రోజులవి. మేం ఉండేది డల్లాస్ పక్కన, మా వీధిలో సగం మంది తెలుగువాళ్లే. ఎలాంటివాళ్లు కావాలో జనాన్ని అడిగే ఫోకస్ గ్రూపుకి పేరెంట్స్ తరఫున ఒకరు రావాలని ఈమెయిల్ వస్తే, వాట్సాప్ గ్రూపులో అందరూ కలిసి నన్ను ముందుకు తోశారు.

సూపరింటెండెంట్ అంటే మన డీఈవో లాంటి పోస్టు అనుకునేదాన్ని. కాదట. జనం ఓట్లేసి గెలిపించిన ఏడుగురు బోర్డు సభ్యులు జీతమిచ్చి పెట్టుకునే మనిషి. బడ్జెట్, బస్సులు, టీచర్లు అన్నీ ఆ ఒక్కరి నెత్తిమీదే. వెతికిపెట్టడానికి మళ్లీ ఒక కన్సల్టెన్సీ, అచ్చం మన పెళ్లిళ్ల పేరయ్యలాగా.

అప్పటికి ఆ కుర్చీలో తాత్కాలికంగా ఒక నల్లజాతి మహిళ ఉన్నారు. ఒకప్పుడు మా పాప ఎలిమెంటరీ స్కూల్‌కి ప్రిన్సిపల్ ఆవిడే. వానొచ్చినా పొద్దున్నే గొడుగేసుకుని నిలబడి, వచ్చిన ప్రతి కారు డోరూ తీసేవారు. మా జ్యోత్స్న పేరు మొదటిరోజు నాచేత రెండుసార్లు చెప్పించుకుని, మూడోసారి చక్కగా పలికారు. ఈ దేశంలో ఆ పేరు అలా పలికినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఫోకస్ గ్రూపులో పన్నెండు మందిమి. గోడకి పెద్ద తెల్ల కాగితం. కాబోయే సూపరింటెండెంట్‌కి ఏమేం ఉండాలి అని అడిగితే, మా వాట్సాప్ గ్రూపులో అనుకున్నదే చెప్పాను: హైస్కూల్ ప్రిన్సిపల్‌గా చేసి ఉండాలి, పెద్ద బడ్జెట్ చూసి ఉండాలి. మనకి ర్యాంకులు, కాలేజీ సీట్లే కదా లోకం. కన్సల్టెంట్ నీలం మార్కర్‌తో రాసుకుంది.

బయటికొచ్చాక ఒక రిటైర్డ్ టీచర్, ఆవిడా నల్లజాతి మహిళే, కారు దగ్గర ఆపింది. "హైస్కూల్ మాకెప్పుడిచ్చారమ్మా? మమ్మల్ని ఎలిమెంటరీకో, సిలబస్ చూసే ఆఫీసుకో పంపుతారు. ఫుట్‌బాల్ టీములుండే హైస్కూళ్లు మగవాళ్లకి. తీరా పైకెళ్లే టైముకి ఆ అనుభవం లేదంటారు" అంది. తిట్టినట్టు కూడా లేదు, దారి చెప్పినట్టు చెప్పింది.

ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని చదివాను. అమెరికా టీచర్లలో నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. సూపరింటెండెంట్లలో, 2020 సర్వే ప్రకారం, నలుగురిలో ఒకరు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పు తెల్లవాళ్ల, నల్లవాళ్ల స్కూళ్లు వేరుగా ఉండకూడదంది. తీరా కలిపేటప్పుడు దక్షిణాదిలో ఎక్కువగా మూతపడ్డవి నల్లవాళ్ల బడులే, ఉద్యోగాలు పోయింది వాళ్ల ప్రిన్సిపల్స్‌కే. 1973లో వాషింగ్టన్ డీసీ స్కూళ్ల పగ్గాలందుకున్న నల్లజాతి మహిళ బార్బరా సైజ్‌మోర్‌ని రెండేళ్లకే బోర్డు తీసేసింది. మా టెక్సాస్‌లోనే, హ్యూస్టన్ స్కూళ్లని గ్రెనీటా లేథన్ అనే మరో నల్లజాతి మహిళ కోవిడ్‌తో సహా మూడేళ్లు "తాత్కాలికం" గానే నడిపారు. పర్మనెంట్ చెయ్యలేదు. 2021లో మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆవిణ్ని సూపరింటెండెంట్‌గా తీసుకుంది.

తర్వాతి బోర్డు మీటింగుకి చీటీ రాసిచ్చి మాట్లాడాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలే. హైస్కూల్ ప్రిన్సిపల్‌గా చేసి ఉండాలని నేను రాయించిన ఆ లైను తీసెయ్యండి అన్నాను. గొంతు వణికింది. బోర్డు వాళ్లు బదులు చెప్పరు, వింటారంతే. ఇంటికొచ్చేసరికి గ్రూపులో మెసేజ్: "మనకెందుకండీ ఈ గొడవ?"

ఇంటర్వ్యూలు తలుపులు మూసుకునే జరిగాయి. చివరికి ఒకే ఒక్క పేరు ప్రకటించారు: వేరే ఊరి నుంచి ఒకాయన, మాజీ హైస్కూల్ ప్రిన్సిపల్. టెక్సాస్ చట్టం ప్రకారం పేరు చెప్పాక 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజులూ కొంతమందిమి ఈమెయిళ్లు పెట్టాం. ఏమీ మారలేదు.

నెల తర్వాత కాస్ట్‌కోలో మా పాప పాత ప్రిన్సిపల్ ఆవిడ కనిపించారు. ఇప్పుడేం చేస్తున్నారని అడిగాను.

"కొత్తాయనకి మన బడ్జెట్ ఎలా వేస్తామో నేర్పిస్తున్నా" అని నవ్వి, జ్యోత్స్న ఏ క్లాసుకొచ్చిందని అడిగారు. పేరు ఇప్పటికీ తప్పు పోలేదు.