బతికి ఉన్నట్టు తేలలేదట

మూడో ఏట కంటి క్యాన్సర్ వచ్చి నా రెండు కళ్లూ తీసేశారు. ఇప్పుడు ఉన్నవి కృత్రిమమైనవి. అయినా కంప్యూటర్ పని నా చేతిలోనిదే. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది. 2006లో దాన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా యువకుడికీ చూపు లేదు.

కిందటేడు ఓ బ్యాంకులో ఇంటి నుంచే ఖాతా తెరుద్దామని కూర్చున్నాను. పేరు, పాన్ నంబరు సాఫీగా సాగాయి. పుట్టిన తేదీ దగ్గర చిక్కుకున్నాను. టైపు చేస్తే తీసుకోదు, క్యాలెండర్‌లో ఎంచుకోవాలి. ఒక్కో నొక్కుకి ఒక్క నెల వెనక్కి వెళుతుంది. నాది 1988. నాలుగు వందల పైచిలుకు నొక్కులు! తీరా చేరేసరికి గడువు ముగిసిందని మళ్లీ మొదటికి తెచ్చింది. మనిషో యంత్రమో తేల్చుకోవడానికి పెట్టే అక్షరాల పరీక్ష, క్యాప్చా సంగతి చెప్పనే అక్కర్లేదు. వినిపించే అక్షరాలకంటే వెనకాల గోలే ఎక్కువ.

చివరికి వీడియో కేవైసీ, అంటే వీడియోలో ముఖం చూసి మనిషిని నిర్ధారించుకునే తనిఖీ వచ్చింది. ముఖం వలయంలో పెట్టమని తెర మీద రాసి ఉందట, ఫోను మాత్రం నోరు విప్పలేదు. మేనకోడలు ఫోను పట్టుకుని, "కొంచెం ఎడమకి మామయ్యా" అంటూ సర్దింది. తరువాత, ఎదుట ఉన్నది ఫొటో కాదు, ప్రాణమున్న మనిషేనని తేల్చుకోవడానికి యాప్ రెప్పలు ఆర్పమంది. నా రెప్పలు పూర్తిగా మూతపడవు. మూడుసార్లు ప్రయత్నించాక, నేను బతికి ఉన్నట్టు నిర్ధారణ కాలేదని తేల్చింది. ఇద్దరం పడిపడి నవ్వుకున్నాం. రాత్రికి మాత్రం ఆ మాటే గుచ్చుకుంది.

మర్నాడు బ్యాంకు శాఖకు వెళితే, "మీవాళ్ల పేరు మీద తెరవవచ్చు కదండీ" అన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని రోజూ సందేశాలు పంపేదీ వీళ్లే. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతిని బల్ల మీద పెట్టాను. యాసిడ్ దాడి బాధితులు, చూపులేని ఒకాయన వేసిన పిటిషన్లవి. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని, రెప్ప ఆర్పడం ఒక్కటే పరీక్ష కారాదని అందులో ఉంది. మేనేజరు గారు రెండు పేజీలు చదివి, కాగితం దరఖాస్తు తెప్పించారు. వేలిముద్ర వేశాను. పదకొండు రోజులకు ఖాతా తెరిచారు.

యాప్‌లో బటన్లకు పేర్లు లేవు. అన్నింటినీ "బటన్" అనే చదువుతుంది. ఎడమ నుంచి నాలుగోది నిల్వ, ఆరోది బదిలీ అని మేనకోడలు లెక్కపెట్టి చెప్పింది. మొన్న యాప్ కొత్త రూపు దిద్దుకుంది. మళ్లీ లెక్కపెట్టించుకోవాలి.