హాబీ బృందాలన్నింటికీ ఒకే యూజర్‌నేమ్: నా అనుభవం

చదరంగం ఆడేచోట నాకొక పేరు, ఆకాశ పరిశీలకుల మధ్య మరొక పేరు ఉండేవి. వికీపీడియాలో మాత్రం అసలు పేరుతోనే రాసేవాణ్ణి. రెడిట్ అనే చర్చావేదికలోనైతే ఖాతా తెరిచినప్పుడు ఆ వ్యవస్థ తనంత తానుగా తగిలించిన రెండు ఇంగ్లీషు మాటలు, వాటి వెనుక కొన్ని అంకెలు నా పేరుగా చలామణి అయ్యాయి. ఒకచోట నాతో నెలల తరబడి మాట్లాడిన మనిషి మరొకచోట నన్ను కొత్తవాడిగా పలకరించడం తరచుగా జరిగేది కాబట్టి, నా వ్యాపకాలన్నింటికీ చెల్లే ఒక్క యూజర్‌నేమ్‌ను కుదుర్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

ముందుగా ఇతరులు ఎలాంటి పేర్లు పెట్టుకున్నారో గమనించడం మొదలుపెట్టాను. బయటివారికి అర్థంపర్థం లేనట్టు కనిపించే పేర్లలో ఎక్కువ భాగం ఆ వ్యాపకంలోని రహస్య పలకరింపులే. చదరంగంలో ఏ ఎత్తు వేసినా నష్టమే కలిగే స్థితిని జుగ్‌జ్వాంగ్ అంటారు. ఓటమికి అలవాటుపడిన ఆటగాడు దాన్ని తన పేరులో ఇముడ్చుకోవడంలో ఒక చమత్కారం ఉంది. తప్పు అల్లికను విప్పేయడాన్ని ఇంగ్లీషులో కప్ప పేరుతో పిలుస్తారు కాబట్టి అల్లికలవారి పేర్లలో కప్పలు కనిపిస్తాయి. పక్షి పరిశీలకులు గుర్తుపట్టలేని చిన్న గోధుమరంగు పిట్టలన్నింటినీ కలిపి ఎల్‌బీజే అంటారు, అదీ పేర్లలోకి చేరుతుంది. ఇక నక్షత్రాలు చూసేవారిలో సగం పేర్లు మబ్బుల మీద ఫిర్యాదులే. తాము ఆరితేరినవారమని చాటుకునే పేర్లకంటే ఇలా తమను చూసి తాము నవ్వుకునే పేర్లే నాకు నచ్చాయి. పైగా అలాంటి పేరున్నవారితో మాట కలపడం కూడా తేలిక.

మొదట సెక్స్‌టాన్స్ అనే తారామండలం పేరు తీసుకోవాలనుకున్నాను. 17వ శతాబ్దంలో హెవీలియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త తాను వాడిన కొలత పరికరం గుర్తుగా ఆకాశంలో నిలిపిన చిన్న, మసక తారామండలమది. ఒక ఖగోళ బృందంలో ఖాతా తెరవబోతే, ఆ మాటలోని మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలను చూసి అక్కడి అశ్లీల పదాల జల్లెడ పేరును తిరస్కరించింది. ఖగోళ బృందంలోనే తారామండలం పేరు చెల్లకపోవడం విడ్డూరమే అయినా, ఇది కొత్త జబ్బు కాదు: 1996లో స్కన్‌థోర్ప్ అనే ఇంగ్లండు పట్టణం పేరులో ఒక బూతుమాట అక్షరాలు వరుసగా ఉన్నందున అక్కడివారు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సేవలో ఖాతాలు తెరవలేకపోయారు, నేటికీ ఈ చిక్కును ఆ పట్టణం పేరుతోనే పిలుస్తారు. నిర్వాహకులకు విన్నపం పంపి ఆ పేరు సాధించుకోవచ్చు గానీ, ప్రతిచోటా అదే వాదన చేసే ఓపిక నాకు లేదు.

ఆ తర్వాత నా చూపు ఆల్గాల్ మీదికి మళ్లింది. పెర్సియస్ తారామండలంలోని ఈ నక్షత్రం దాదాపు 2.87 రోజులకొకసారి మసకబారి, కొన్ని గంటల్లో మళ్లీ తేరుకుంటుంది. ఏదో చీకటి వస్తువు దాని ముందునుంచి వెళుతూ ఉండవచ్చని 1783లో జాన్ గుడ్రిక్ అనే ఖగోళ పరిశీలకుడు సూచించాడు. ఏ పరికరమూ లేకుండా కంటితోనే గమనించగల మార్పు కావడం వల్ల నాకది ఇష్టమైన నక్షత్రం. సహజంగానే ఆ పేరు ఎక్కడా ఖాళీగా లేదు. నక్షత్ర ప్రియులకు తోడు, 1958లో రూపుదిద్దుకున్న ఆల్గాల్ అనే ప్రోగ్రామింగ్ భాష అభిమానులు కూడా దానికి పోటీదారులే.

పేరు దొరకనప్పుడు దాదాపు ప్రతి వ్యవస్థా అంకెలు చేర్చుకోమని సలహా ఇస్తుంది. చాలామంది ఆ చోట పుట్టిన సంవత్సరం రాస్తారు. వయసును అడగకముందే అందరికీ చెప్పుకోవడం నాకు ఇష్టంలేదు. అంకెలు తప్పనప్పుడు వాటికీ ఒక అర్థం ఉండాలనిపించి నక్షత్ర పట్టికలు తిరగేశాను. హెన్రీ డ్రేపర్ పట్టికలో ఆల్గాల్ సంఖ్య 19356. చూడటానికి బాగానే ఉంది కానీ, ఇంగ్లీషులో ఆ పేరు చివరి అక్షరం ఎల్, దాని పక్కనే ఒకటి అంకె పడితే రెండూ చాలా అక్షరరూపాల్లో ఒకే నిలువు గీతలా కనిపిస్తాయి. 9110 పద్దులున్న ప్రకాశవంత నక్షత్రాల పట్టికలో మాత్రం దాని సంఖ్య 936. సున్నా లేదు, ఒకటి లేదు, అక్షరాలతో పొరపడే అవకాశమూ లేదు. తెలియనివారు యంత్రం తగిలించిన అంకెలనుకుంటారు, తెలిసినవారు నక్షత్రాన్ని పోల్చుకుంటారు. దీనికి మరో చిన్న ముక్క కూడా జతచేశాను, దాన్ని మాత్రం ఇక్కడ రాయను.

పేరు స్థిరపడ్డాక అది అన్ని నియమాలకూ లొంగాలి, ఈ ప్రక్రియలో అన్నింటికంటే ఎక్కువ సమయం తిన్నది ఈ దశే. ప్రోగ్రాములు పంచుకునే గిట్‌హబ్ 39 అక్షరాల వరకు అనుమతిస్తుంది, రెడిట్ 20 దగ్గరే ఆపేస్తుంది. గిట్‌హబ్‌లో మాటల మధ్య అడ్డగీత పెట్టవచ్చు గానీ అండర్‌స్కోర్ కుదరదు. బృందాలు కబుర్లాడుకునే డిస్కార్డ్‌లో అండర్‌స్కోర్, చుక్క చెల్లుతాయి గానీ అడ్డగీత చెల్లదు. పైగా డిస్కార్డ్‌లో అన్నీ చిన్న అక్షరాలే కావాలి కాబట్టి, పెద్ద అక్షరంతో రెండో మాట మొదలైందని చూపించే వీలు కూడా పోతుంది. వికీపీడియా అయితే మొదటి అక్షరాన్ని తానే పెద్దది చేసేస్తుంది. వీటన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే, 20కి మించని చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే అన్నిచోట్లా నిలబడతాయని తేలింది.

తెలుగు లిపిలోనే పేరు పెట్టుకుంటే పోటీ అసలే ఉండదు కదా అనిపించకపోలేదు. వికీపీడియా దానికి ఒప్పుకుంటుంది, కానీ పైన చెప్పిన మిగతా మూడూ ఒప్పుకోవు. లిపుల విషయంలో వారి జంకుకు కారణం లేకపోలేదు. 2013లో పాటలు వినే స్పాటిఫైలో ఒకరు, మామూలు అక్షరాలను పోలిన పైకెత్తి రాసినట్టుండే అక్షరాలతో ఖాతా తెరిచి, పాస్‌వర్డ్ మార్పు కోరి, అదే పేరును మామూలు అక్షరాల్లో పెట్టుకున్న మరొకరి ఖాతాలోకి ప్రవేశించగలనని చూపించారు. పేరును సాధారణ రూపానికి మార్చే పని మొదటిసారి ఒక ఫలితాన్ని, దాని మీదే రెండోసారి చేస్తే ఇంకో ఫలితాన్ని ఇవ్వడం వల్ల ఆ సందు ఏర్పడింది.

ఖాతాలు తెరవడంలో ఒక క్రమం పాటించాను: పేరు మార్చుకునే వీలులేని చోట్లు ముందు, మిగతావి తర్వాత. చదరంగం ఆడే లీచెస్‌లో పేరు మారదు, అక్షరాల పెద్దాచిన్నా తేడాను మాత్రం ఒక్కసారి సవరించుకోవచ్చు. రెడిట్‌లో నా పాత పేరు అలాగే ఉండిపోతుందని తెలిసి కొత్త ఖాతా తెరిచాను, అక్కడ ఇతరుల ఓట్లతో కూడబెట్టిన, కర్మ అని పిలిచే పాయింట్లన్నీ వదులుకున్నాను, దానికి పెద్దగా బాధపడలేదు కూడా. డిస్కార్డ్‌లో ఒకప్పుడు పేరు వెనుక నాలుగు అంకెలు చేరి ఒకే పేరును వేలమంది పంచుకునే వీలుండేది. 2023లో ఆ పద్ధతి తీసేశారు కాబట్టి అక్కడా పేరు ఖాళీగా ఉందో లేదో చూసుకోవలసి వచ్చింది. బ్యాంకు, ఉద్యోగం, కుటుంబానికి సంబంధించిన ఖాతాల్లో మాత్రం ఈ పేరు జోలికి వెళ్లలేదు. ఒకే పేరు అన్నిచోట్లా ఉంటే స్నేహితులు ఎంత తేలికగా పోల్చుకుంటారో, అపరిచితులూ అంతే తేలికగా పోగుచేసుకుంటారు.

వికీపీడియాలో కొత్త ఖాతా తెరిస్తే పాత దిద్దుబాట్లన్నీ వేరైపోతాయి కనుక పేరుమార్పు కోరాను. అక్కడి ఖాతా అన్ని భాషల వికీలకూ ఒక్కటే. 2015లో ఖాతాల ఏకీకరణ పూర్తయ్యాక ఈ మార్పు కూడా అన్నిచోట్లా ఒకేసారి జరుగుతుంది. కోరుకున్న పేరు, కారణం రాసి విన్నపం పంపితే, ఆ బాధ్యత ఉన్న స్వచ్ఛంద సభ్యులు పరిశీలిస్తారు. సంస్థల ప్రచారంలా ఉన్నవి, ఇప్పటికే ఉన్న వాడుకరిని మరీ పోలినవి చెల్లవు. నాది ఆమోదం పొందాక, చరిత్ర పుటల్లో నా దిద్దుబాట్లన్నీ కొత్త పేరుకు మారాయి, పాస్‌వర్డ్ పాతదే పనిచేసింది. చర్చల్లో చేసిన పాత సంతకాలు మాత్రం ఉన్నట్టే ఉన్నాయి, పేరుమార్పుల చిట్టాలో పాత, కొత్త పేర్లు పక్కపక్కనే అందరికీ కనిపిస్తాయి. అసలు పేరును దాచుకోవాలనుకునేవారికి ఈ దారి పనికిరాదు. నాకు ఆ అవసరం లేదు.

ఇంత చేశాక ఈ పేరు చెల్లని చోటు ఒకటి మిగిలింది, అది ఆల్గాల్‌లా వెలుగు మారే చరనక్షత్రాల పరిశీలనలను నమోదు చేసే ఏఏవీఎస్ఓ. 1911లో ఏర్పడిన ఆ సంస్థ పరిశీలకులకు తానే ఒక చిన్న అక్షరాల కోడ్‌ను కేటాయిస్తుంది, ప్రతి పరిశీలనా ఆ కోడ్ కిందనే నమోదవుతుంది.