ఇమ్యునోథెరపీ మధ్యలో కాలిలో రక్తం గడ్డ: నా అనుభవం

నాకు లంగ్ క్యాన్సర్, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (మన రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసేది) మూడు వారాలకోసారి ఎక్కిస్తున్నారు, విశాఖలో గాజువాక నుంచి ఆరిలోవ హెల్త్ సిటీలో ఆసుపత్రికి వెళ్లొస్తుంటాం. అంతా బాగానే ఉందనుకుంటుంటే ఎడమ పిక్క వాచింది, ఒక్క కాలే, చెయ్యేస్తే వేడిగా ఉంది. మా అత్తగారు ఆముదం రాసి పిసుకుతానని కూర్చున్నారు, మా అబ్బాయి "వద్దు నాన్నమ్మా ముట్టుకోకు" అని ఆపి డాక్టర్ గారికి ఫొటో పెట్టాడు. ఆ పూటే రమ్మని డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేయించారు, గడ్డే, డీవీటీ అన్నారు, అంటే కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం.

మెట్లెక్కితే ఆయాసం కూడా వస్తోందండీ అని చెప్పాక అసలు హడావుడి మొదలైంది. ఎందుకంటే ఈ ఇమ్యునోథెరపీ మందు తీసుకునేవాళ్లకి ఆయాసం వస్తే కాలిలో గడ్డ ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో చూడాలి, మందు వల్లే ఊపిరితిత్తులు వాచాయేమో కూడా చూడాలి, దాన్ని న్యుమోనైటిస్ అంటారు. గడ్డయితే రక్తం పలచనయ్యే మందు, న్యుమోనైటిస్ అయితే ఇమ్యునోథెరపీ ఆపి స్టెరాయిడ్స్, పేషెంటుకి మాత్రం రెండూ ఒకలాగే ఉంటాయి. డి-డైమర్ (గడ్డ ఉందేమో చూసే రక్తపరీక్ష) చేస్తే తెలిసిపోదా సార్ అన్నాడు మావాడు (ఫోన్లో అన్నీ చదివేస్తాడు), క్యాన్సర్ ఉంటే అది చాలాసార్లు ఎక్కువే చూపిస్తుంది బాబూ అన్నారు డాక్టర్ గారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ చూసి, నరంలోకి రంగు మందు ఎక్కించి కాంట్రాస్ట్ సీటీ స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డ ఉంది, న్యుమోనైటిస్ లేదు, కాబట్టి ఇమ్యునోథెరపీ ఆపక్కర్లేదన్నారు, నాకు ఆ మాటే చాలు.

ముందు రక్తం పలచనయ్యే ఎనోక్సాపారిన్ ఇంజెక్షన్, కిలో బరువుకి 1 మిల్లీగ్రాము లెక్కన 12 గంటలకోసారి. ఇంట్లో మా కోడలే చేసేది, బొడ్డుకి దూరంగా, రోజూ చోటు మార్చి, పొడిచాక రుద్దకూడదు, అయినా పొట్టంతా నీలం మచ్చలే. తర్వాత అదే పని చేసే అపిక్సాబాన్ మాత్ర, 5 మిల్లీగ్రాములు రెండు పూటలా. ఆకుకూరలు మానాలేమో అని భయపడ్డా, ఆ గొడవ వార్ఫరిన్ అనే ఇంకో రక్తం పలచన చేసే మందుకట, దీనికి లేదు, గోంగూర హాయిగా తింటున్నా. మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ మాత్రం మాన్పించేశారు, రక్తస్రావం అవుతుందని. ప్రతి సైకిల్‌కి (ఇమ్యునోథెరపీ ఎక్కించే ప్రతిసారీ) ముందు రక్తం గడ్డకట్టించే కణాలు, ప్లేట్‌లెట్స్ చూస్తారు, 50,000 కంటే కిందికి పడితే ఈ రక్తం పలచన మందు తగ్గించడమో ఆపడమో వాళ్లే చెప్తారు.

మాత్ర కనీసం ఆరు నెలలన్నారు, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ నడుస్తుంటే ఇంకా పొడిగిస్తారట. ఒక పన్ను పీకించుకోవాలి, దానికి కూడా వీళ్లని అడిగే వెళ్లాలి, చూడాలి ఎప్పుడు ఒప్పుకుంటారో.